తాను మీది టికెట్టు

శనివారం

ఈరోజు పొద్దున బెంగళూరు కస్తూర్బా రోడ్డులోని మ్యూజియం ఆఫ్ ఆర్ట్ అండ్ ఫొటోగ్రఫీకి మాంచెస్టర్ బట్టల టికెట్లు చూడడానికి వెళ్ళి, భోజనాల వేళ దాటేదాకా అక్కడే ఉండిపోయాను. పంతొమ్మిదో శతాబ్ది చివరి భాగం నుంచి దేశానికి స్వాతంత్ర్యం వచ్చే రోజుల దాకా, ఇంగ్లండు మిల్లుల గుడ్డ ఓడల్లో మన రేవులకు దిగినప్పుడు మడత పెట్టిన తానుల (గుడ్డ చుట్టల) మీద అతికించి ఉండిన రంగుల బొమ్మ కాగితాలవి. బట్టల వర్తకులు వాటిని టికెట్టు అనీ, టీకా అనీ, ఛాప్ అనీ పిలిచేవారు. లక్ష్మి, కృష్ణుడు, తలపాగాల రాజులు, ఏనుగులు, పులులు, అద్దం ముందు కూర్చుని అలంకరించుకునే స్త్రీలు అందులో కనిపిస్తారు. ఏ బొమ్మకూ గుడ్డతో సంబంధం లేదు. అయినా లోపలి గుడ్డను అమ్మిపెట్టే భారమంతా ఆ బొమ్మదే.

ఒక లక్ష్మి బొమ్మ దగ్గర చాలాసేపు నిలబడ్డాను. కాగితం నా అరచేతికి కాస్త పెద్దదిగా ఉంది. తామర రేకుల అంచులకూ అమ్మవారి కిరీటానికీ బంగారు రంగు వేసి, ఆ భాగాలను వెనక నుంచి నొక్కి కొద్దిగా ఉబ్బెత్తుగా తీశారు కాబట్టి, పక్కకు జరిగి చూసినప్పుడల్లా వెలుగు ఒక నగ మీదనుంచి మరొక నగ మీదికి మారుతూ వచ్చింది. బుగ్గల గులాబీ రంగు దూరానికి నునుపుగా కనిపించింది గానీ, దగ్గరికి వంగి చూస్తే అదంతా సూది మొనతో పెట్టినట్టున్న చుక్కల సముదాయమని తెలిసింది. చీర నీలం ఒకవైపు గీత దాటి వెంట్రుకవాసి బయటికి వచ్చింది.

ఆ నీలం అలా జరగడానికి కారణం ఆ అచ్చుపనిలోనే ఉంది. బవేరియాకు చెందిన సెనెఫెల్డర్ 1796లో కనిపెట్టిన రాతి అచ్చు పద్ధతిలో, నునుపు చేసిన సున్నపురాతి మీద జిడ్డు సుద్దతో బొమ్మ గీసి, రాతిని నీటితో తడిపి, సిరా పూస్తారు. తడి ఉన్న చోట సిరా నిలవదు, జిడ్డు ఉన్న చోట నిలుస్తుంది. రంగుల బొమ్మ కావాలంటే ఒక్కొక్క రంగుకూ ఒక్కొక్క రాయి సిద్ధం చేసి, అదే కాగితాన్ని ఆ రాళ్ళన్నింటి మీదా వరసగా, ఒక్క పిసరు కూడా పక్కకు జరగనీయకుండా నొక్కాలి. మన దేవతల ముఖాలు ఎన్నడూ ఎరగని చిత్రకారులెందరో మాంచెస్టర్‌లో కూర్చుని, మన దేశం నుంచి పంపిన నమూనాలు ముందు పెట్టుకుని ఈ చుక్కలు పెట్టారు. తాను విప్పగానే చింపి పారేయవలసిన కాగితానికి ఇంత పనితనం ఖర్చు చేశారు, అయినా దాని మీద గీసినవాడి పేరు ఎక్కడా లేదు. ఈ సంగతి నన్ను బాధపెట్టింది.

అంత శ్రమ ఎందుకు పెట్టారో వ్యాపారం పరిమాణం చూస్తే అర్థమవుతుంది. 1913లో బ్రిటన్ ఎగుమతి చేసిన నూలుగుడ్డ సుమారు 700 కోట్ల గజాలైతే, అందులో దాదాపు 300 కోట్ల గజాలు భారతదేశానికే వచ్చాయి. తెల్లటి లాంక్లాత్ గుడ్డ అయినా, పలచటి మల్లు గుడ్డ అయినా, మన పెద్దలు మోజుపడి కట్టిన గ్లాస్కో పంచె అయినా, నేసినవాడు ఎవరో కొన్నవాడికి తెలిసే దారి లేదు. చదువురాని రైతు అంగడికి వచ్చి, కిందటి పండక్కి కొన్న గుడ్డ గట్టిగా నిలిచింది కనుక ఏనుగు బొమ్మ ఉన్న తానే ఇమ్మని అడిగేవాడు. ఆ ఏనుగును మరో కంపెనీ కాపీ కొడితే మొదటి కంపెనీ బేరం పోయినట్టే. అందుకే 1875లో ఇంగ్లండులో వ్యాపార చిహ్నాల నమోదు చట్టం వచ్చినప్పుడు నూలుగుడ్డల మార్కులు పరిశీలించడానికి మాంచెస్టర్‌లో ప్రత్యేకంగా ఒక కార్యాలయం పెట్టవలసి వచ్చింది. మన దేశంలో 1889 నాటి చట్టం ప్రకారం తాను పొడవు ఎన్ని గజాలో ఇంగ్లీషు అంకెల్లో ముద్ర వేయడం తప్పనిసరి అయింది గానీ, మార్కులను నమోదు చేసే చట్టం మాత్రం 1940 దాకా రాలేదు.

గజాల ముద్ర పొడవు గురించి చెబుతుంది, నాణ్యం గురించి చెప్పదు. ఈ చరిత్రలో నాకు మరీ కష్టంగా తోచేది గంజి సంగతి. 1861-65 నడుమ అమెరికా అంతర్యుద్ధం వల్ల పత్తి కరువైనప్పుడు, మాంచెస్టర్ చుట్టుపక్కల లాంకషైర్ మిల్లులు పడుగుకు (నిలువు దారాలకు) పెట్టే గంజిలో పిండి తగ్గించి చీనామట్టి దట్టించడం ఎక్కువ చేశాయి. గుడ్డ బరువుగా, ఒత్తుగా కనిపించేది. ఒక్క ఉతుకుతో ఆ ఒత్తు పోయేది. తేమకు గుడ్డ బూజు పట్టేది. ఆ మట్టిధూళి పీల్చి అక్కడి మగ్గాల మీద పనిచేసే కూలీల ఛాతీలు పాడయ్యాయి. అమ్మవారి బొమ్మను అతికించిన తానుల్లో అలాంటివి ఎన్ని ఉన్నాయో ఎవరూ చెప్పలేరు, కానీ కొన్నవాళ్ళు బొమ్మను చూసి నమ్మారన్నది నిజం.

మా కృష్ణా జిల్లాలో పుట్టినవాళ్ళకు ఈ కథ ఇంకా వెనక నుంచి మొదలవుతుంది. ఈస్టిండియా కంపెనీ 1611లో మచిలీపట్నంలో వర్తకస్థావరం పెట్టింది మన అద్దకం గుడ్డల కోసమే. అప్పుడు మార్కు వేసినవాళ్ళూ ఆ కంపెనీవాళ్ళే. కోరమాండల్ అనే మన తూర్పు తీరం నుంచి వెళ్ళిన అద్దకాల వెనకవైపు కంపెనీ ముద్రలు ఈనాటికీ లండన్ మ్యూజియాల్లో కనిపిస్తాయి. చిరివేరు ఎరుపు ఎన్ని ఉతుకులకూ దిగకుండా నిలబెట్టిన అద్దకంవాడి పేరు వాటి మీదా లేదు. ఆ గుడ్డ ధాటికి తట్టుకోలేక 1700లోనూ 1721లోనూ ఇంగ్లండు చట్టాలు చేసి దాన్ని ఆపింది. ఆ తర్వాత వంద సంవత్సరాలకల్లా యంత్రాల గుడ్డ అటునుంచి ఇటు వచ్చింది. మన సాలెవారు ఊళ్ళోనే నేసి సంతలో అమ్ముకున్నంత కాలం వారి పంచెకు బొమ్మ అవసరం లేకపోయింది, ఎందుకంటే గుడ్డ చిరిగితే ఎవరి గుమ్మం ముందు నిలబడి అడగాలో కొన్నవాడికి తెలుసు. అడగడానికి గుమ్మం లేనంత దూరం నుంచి సరుకు రావడం మొదలయ్యాకే ఆ ఖాళీలోకి లక్ష్మీ వచ్చింది, ఏనుగూ వచ్చింది. ఈ బొమ్మల అందాన్ని మెచ్చుకునేవాళ్ళు ఈ సంగతి పక్కన పెట్టి మెచ్చుకోకూడదని నా గట్టి నమ్మకం.

స్వదేశీ ఉద్యమం 1905లో మొదలయ్యాక మన మిల్లులు కూడా ఈ పద్ధతినే అందిపుచ్చుకున్నాయి. భరతమాత, రాట్నం, ఆ తర్వాత గాంధీగారు తానుల మీదికి ఎక్కారు. 1921 జూలై 31న బొంబాయిలో విదేశీ బట్టలను కుప్పపోసి తగలబెట్టినప్పుడు, ఇలాంటి టికెట్లు కూడా వాటితో పాటే కాలి ఉంటాయి.

బయటికి వచ్చాక అదే రోడ్డులో ఉన్న విశ్వేశ్వరయ్య పారిశ్రామిక సాంకేతిక మ్యూజియం ముందునుంచి నడిచాను. అక్కడ ఇంజన్లూ యంత్రాలూ ఉన్నాయి, పిల్లలు వరసలు కట్టి చూస్తారు. యంత్రం ఒకచోటా, దాని సరుకును ఇంటింటికీ చేర్చిన బొమ్మ మరొకచోటా ఉండడం నాకు లోటుగానే అనిపించింది. మగ్గమూ, తానూ, దాని మీది టికెట్టూ, సంతలో దాన్ని అడిగి పుచ్చుకున్న రైతు మాటా ఒకే గదిలో కనబడితే తప్ప, ఆ కాలంలో గుడ్డ ఎలా బతికిందో పిల్లలకు పూర్తిగా తెలియదు.

ఇంకొక విషయం కూడా రాసిపెట్టుకోవాలి. ఈ కాలానికి మిగిలిన టికెట్లలో చాలావాటికి జిగురు తగలలేదు. అచ్చువాళ్ళూ వర్తకులూ నంబర్లు వేసి నమూనా పుస్తకాల్లో దాచుకున్న కాగితాలవి, అందుకే రంగు చెదరకుండా మనదాకా వచ్చాయి. ఓడ ఎక్కి, బేలులో (గుడ్డ మూటలో) దిగి, కొట్లో చేతులు మారినవి తక్కువ. మా అమ్మమ్మ రేకుపెట్టె మూత లోపలివైపు అలాంటిది ఒకటి ఉండేది. వేణువు పట్టుకున్న కృష్ణుడు, ఒక మూల చిరిగి, గుడ్డ మీదనుంచి ఊడదీసినప్పుడు అంటిన జిగురు మరకతో. అమ్మమ్మ రోజూ పెట్టె తెరిచినప్పుడు దానికి దండం పెట్టేది, అది అమ్మకం బొమ్మ అన్న ఆలోచన ఆమెకు ఎన్నడూ రాలేదు. పెట్టె ఇప్పుడు మా పెద్దమామయ్య ఇంట్లో అటక మీద ఉంది. వచ్చే నెల ఇంటికి రంగులు వేయిస్తున్నారు. సాయంత్రం ఫోన్ చేసి, పెట్టెను ఎవరికీ ఇవ్వవద్దనీ, మూత లోపలి బొమ్మ మీద తడిగుడ్డ పెట్టి తుడవవద్దనీ, వీలైతే పగటి వెలుగులో రెండు ఫొటోలు తీసి పంపమనీ చెప్పాను. అత్తయ్య ఫోన్ తీసుకుని, కృష్ణుడి కింద ఏవో అక్షరాలు, అంకెలు కూడా ఉన్నాయిరా అంది. అవి ఏమిటో చదివి చెప్పమని అడిగాను. అంకెలు గజాలవే అయి ఉండవచ్చు.