మువ్వ కట్టిన ఇయర్‌ఫోన్లు

నల్లగొండలో కొన్న ఈ తెల్లటి ఇయర్‌ఫోన్ల డబ్బా ఏడాదిగా నా దగ్గర ఉంది. బాగానే పనిచేస్తుంది, కానీ దాని మీద ఏ మమకారమూ ఉండేది కాదు. మొన్న ఆదివారం అమ్మ, పోచంపల్లి రవిక గుడ్డలో మిగిలిన ముక్కతో దానికి చిన్న సంచి కుట్టింది. ఎర్రటి గుడ్డ మీద తెల్ల చుక్కలు. కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూస్తే ప్రతి చుక్క అంచూ కాస్త చెదిరి, ఈకలా మెత్తగా కనిపిస్తుంది. నేయక ముందే నూలుకు ముడులు కట్టి రంగులో ముంచుతారు కదా, మగ్గం మీద పోగులు వెంట్రుకవాసి జరిగినా అంచు అలా చెదురుతుంది. 2005లో భౌగోళిక గుర్తింపు పొందిన నేత ఇప్పుడు నా జేబులో ఉంది!

సంచి తాడుకు నాన్న ఒక మువ్వ కట్టారు. ఏరువాక పున్నమికి మా ఎద్దుల మెడలో వేసే పట్టీ నుంచి ఊడినది. నిజం చెబుతున్నాను, ఆ రోజు నుంచి దాన్ని ఎక్కడ పడితే అక్కడ పడేయడం మానేశాను. బస్సు దిగేటప్పుడు చేయి తనంతట తానే జేబు తడుముతుంది.

నిన్న టీ కొట్టు దగ్గర మువ్వ చప్పుడు విని పక్కనున్న పెద్దాయన, "మీ ఇంట్లో ఎడ్లున్నాయా బిడ్డా?" అని అడిగారు. అరగంట ఎడ్ల గురించే మాట్లాడుకున్నాం.