బాందోల్ సీసాకి తొందర పనికిరాదు

దక్షిణ ఫ్రాన్స్ తీరంలోని బాందోల్‌లో తయారయ్యే ఎర్ర వైన్‌ని, నాలుగైదేళ్లదాన్ని, మూత తీయగానే గ్లాసులో పోస్తే చాలాసార్లు ముందుగా తగిలేది పళ్ల వాసన కాదు. తోలు, పశువుల కొట్టం! పాడైందనుకుని పారబోయకండి. మూర్వెద్ర్ ద్రాక్ష తీరే అంత, గాలి తగిలేదాకా ముడుచుకునే ఉంటుంది. వెడల్పు జాడీలోకి వంచి రెండు గంటలు వదిలేస్తే నల్లపళ్లు, మిరియం, ఎండు మూలికలు బయటికొస్తాయి. తడిసిన అట్టపెట్టె కంపు వస్తే మాత్రం అది కార్క్ దోషం, అంటే మూత నుంచి వైన్‌కి పట్టిన చెడు. ఎంత గాలి తగిలినా పోదు.

ఈ బాందోల్ ఎరుపులో నిబంధన ప్రకారం కనీసం సగం మూర్వెద్ర్ ఉండాలి, చెక్క పీపాల్లో 18 నెలలు నిలవుండాలి. నేరేడు తిన్నాక నాలుక బిగిసినట్టుండే ఆ వగరు మెత్తబడాలంటే ఎనిమిది, పదేళ్లు ఆగాల్సిందే.

అన్నేళ్లు దాచడమే అసలు తంటా. 12-14 డిగ్రీల్లో, చీకట్లో, కార్క్ తడిగా ఉండేలా పడుకోబెట్టాలి. హైదరాబాద్ ఎండాకాలంలో అల్మారాలో పెడితే వైన్ వ్యాకోచించి కార్క్‌ని పైకి నెడుతుంది, పక్కల నుంచి కారుతుంది, మిగిలింది ఉడికిన జామ్‌లా తయారవుతుంది. వంటింటి ఫ్రిజ్‌లో ఏళ్ల తరబడి ఉంచినా పొడిగాలికి కార్క్ ఎండిపోతుంది. వైన్ కూలర్ లేనివాళ్లు కొన్న నెలలోనే తాగెయ్యడం నయం.

పాత సీసాని ముందురోజే నిలబెడితే మడ్డి అడుక్కి దిగుతుంది. అన్నట్టు, ‘గది ఉష్ణోగ్రత’ అంటే 17 డిగ్రీలు, మన హాల్లో ఉండే 32 కాదు. పోసే ముందు రెండు గంటలు ఫ్రిజ్‌లో పెట్టండి.