తోపుడు బండి పట్టుకుంటే నొప్పి లేదు

నిరుడు ఎండాకాలం కర్నూలు సి.క్యాంపు రైతుబజారుకి వెళ్లాను. అప్పటికే ఆరు నెలలుగా యాభై అడుగులు వేస్తే చాలు, ఎడమ పిరుదు నుంచి పిక్క దాకా లాగేది. ఎక్కడో ఒకచోట కూలబడితే తగ్గేది. ఆ రోజు కూర్చునే చోటు దొరక్క ఒక టమాటాల బండి పట్టుకుని వంగి నిలబడ్డాను. నొప్పి తగ్గింది. బండి కదిలితే నేనూ దాంతోపాటు నడిచాను. అయినా నొప్పి లేదు! "ఏం టీచరమ్మా, బండి తోసేదానికి వచ్చినావా?" అని బండాయన నవ్వాడు.

ఈ సంగతి చెప్పగానే డాక్టరు ఎక్స్‌రే కూడా చూడకుండానే తలూపారు. ముందుకు వంగితే వెన్నులో నరాల దారి కాస్త వెడల్పవుతుందట, నిటారుగా నిలబడితే ఇరుకవుతుందట. నిలబెట్టి, ముందుకు వంచి, వెనక్కి వాల్చి ఎక్స్‌రేలు తీశారు. తర్వాత ఎమ్మారై. నడుములో నాలుగో పూస ఐదోదాని మీద ముందుకు జరిగింది. మొదటి గ్రేడు, అంటే జారింది 25 శాతం లోపే. యాభై దాటిన ఆడవాళ్లలో అరుగుదల వల్ల ఎక్కువగా ఇక్కడే జారుతుందన్నారు.

పూస జారిందన్న మాట విన్నాక తుమ్మాలన్నా టెన్షనే, మిగతాదీ జారిపోతుందేమోనని. పెద్దమ్మ పుత్తూరు పోయి కట్టు కట్టించుకోమంది. మా ఆయన "డిస్కు జారడమేగా" అన్నాడు. డిస్కు అంటే పూసల మధ్య ఉండే మెత్త, అది వేరు, పూస వేరు అని ఆయనకు ఇప్పటికీ ఎక్కలేదు. నేను మాత్రం తక్కువ తిన్నానా? ఎవరికీ చెప్పకుండా మర్దన చేయించుకున్నాను. ఆమె నడుము మీద మోకాలు పెట్టి నొక్కింది. రెండు రోజులు మంచం దిగలేదు.

మర్దన సంగతి తెలిసి డాక్టరు తిట్టారు. ఆ తిట్లన్నీ అయ్యాక నెమ్మదిగా చెప్పారు. "జారిన పూస అట్లే ఉంటుందమ్మా, మీరు మాత్రం నడుస్తారు." నా భయం సగం అక్కడే పోయింది. ఒంటికి, రెంటికి పట్టు తప్పినా, కూర్చునే చోట స్పర్శ పోయినా, పాదం వేలాడినా మాత్రం ఆ రాత్రే రావాలన్నారు.

ఫిజియోథెరపీలో మోకాళ్లు ఛాతీకి తెచ్చుకోవడం, పొట్ట బిగించి నడుమును చాపకు అదమడం, తొడ వెనక కండరాలు సాగదీయడం. ఇంతే. రోజూ చేస్తున్న భుజంగాసనం మాన్పించారు, నడుము వెనక్కి వంచే పనులు నాకు పడవట. నడుము బెల్టు క్లాసులో పాఠం చెప్పే వేళ మాత్రమే కట్టుకోమన్నారు, రోజంతా కట్టుకుంటే కండ బలం తగ్గుతుందట. రెండు నెలలైనా కాలి లాగుడు పూర్తిగా పోలేదు. అప్పుడు నరం దగ్గర స్టెరాయిడ్ ఇంజక్షన్ ఇచ్చారు. కాలు తేలికైంది గానీ నాకు షుగరుంది, మూడు రోజులు 250 దిగలేదు. దాని పని కొన్నాళ్లేనని, ఆలోగా వ్యాయామం గట్టిగా చెయ్యమన్నారు.

నంద్యాలలో మా వదినకు ఇదే జబ్బు, దారి మాత్రం వేరైంది. చెప్పు జారిపోయినా తెలిసేది కాదు, పాదం పైకి లేచేది కాదు. ఆమెకు ఆపరేషన్ చేసి, నరం మీది ఒత్తిడి తీసి, స్క్రూలు, కడ్డీలు వేసి రెండు పూసల్నీ కలిపేశారు. మర్నాడే నడిపించారు గానీ ఎముక అతుక్కోవడానికి నెలలు పట్టింది. కాలు బాగుపడింది. కింద కూర్చుని ముగ్గు వెయ్యలేనని మాత్రం సణుగుతుంది.

నేను ఇప్పుడు రాజ్‌విహార్ నుంచి కొండారెడ్డి బురుజు దాకా ఆగకుండా నడుస్తున్నాను. తిరుగు దారి ఆటో. మొన్న తీసిన ఎక్స్‌రేలో పూస ఉన్నచోటే ఉంది. క్లాసులో కుర్చీ వేయించుకుని, బోర్డు మీద రాసే పని పిల్లలకే అప్పగించాను. ఒక్కొక్కడు 7 రాస్తే 1లా ఉంటోంది.