నంబరు లేని లొట్టి

మెక్సికోలోని గ్వాదలహారాకు వచ్చిన మూడో నెలలో ఒక ప్రాజెక్టు ముగిసిన సందర్భంగా టీమంతా కలిసి భోజనానికి వెళ్ళాం. నా ముందు పెట్టిన చిన్న గ్లాసులోని టెకీలాను, అంటే అగావే అనే మొక్క గడ్డతో చేసే మద్యాన్ని, హైదరాబాదులో స్నేహితులు తాగగా చూసిన పద్ధతిలోనే, చేతి మీది ఉప్పు నాకి, ఒక్క గుక్కలో మింగి, నిమ్మబద్ద కొరికాను. ఎదురుగా కూర్చున్న పెద్దాయన, మా టెస్టింగ్ పనులన్నీ చూసే మనిషి, తినడం ఆపి, "ఆ మొక్క ఏడేళ్ళు ఎండలో నిలబడింది. దానికి నువ్వు ఒక్క నిమిషం ఇవ్వలేవా?" అన్నాడు. గొంతులో కోపం లేదు. అయినా ఆ మాట ఆ రాత్రి నన్ను నిద్రపోనివ్వలేదు.

మరొకరిని అని ఉంటే నేను పట్టించుకునేవాణ్ణి కాదు. మా నాన్న నల్లగొండ జిల్లాలో ముప్పై ఏళ్ళకు పైగా తాళ్ళెక్కిన గీత కార్మికుడు. గీత పనిముట్లైన మోకు, ముస్తాదు చూస్తూ పెరిగినవాణ్ణి నేను. పోద్దాటి కల్లు ఏదో, పండుతాటి కల్లు ఏదో, తాటాకు రేకులోంచి మొదటి గుటక దిగేసరికి చెప్పగలను. అటువంటి నాకు తాగే మర్యాద ఇంకొకరు నేర్పవలసి వచ్చిందే అన్నది నా బాధ. తెల్లవారేవరకూ ఆలోచిస్తే తప్పు ఎక్కడుందో తెలిసింది. కల్లయితే ఎవరు గీశారో, ఏ చెట్టుదో అడిగి తాగుతాను. సీసాలో వచ్చింది కాబట్టి దాని వెనక ఒక చెట్టూ ఒక మనిషీ ఉంటారని నాకు తట్టలేదు.

ఆ శనివారం పెద్దాయన నన్ను ఇంటికి పిలిచి మూడు సీసాలు బల్ల మీద పెట్టాడు. మొదటి రెండూ బ్లాంకో, అంటే పీపాలో నిలవ పెట్టని తెల్లని టెకీలా. సన్నని మూతి గల గ్లాసులో కొద్దిగా పోసి, ముందు వాసన చూడమన్నాడు. తర్వాత నాలుక తడిసేంత మాత్రమే తీసుకుని, నోరంతా తిప్పి, మింగాక ముక్కుతో ఊపిరి వదలమన్నాడు. మొదటిది టెకీలా పట్టణంలో తయారయ్యే ఫోర్తలేసా. అక్కడ నీలి అగావే గడ్డలను ఇటుక పొయ్యిలో ఉడికించి, తహోనా అనే పెద్ద రాతిచక్రం కింద నలిపి రసం తీస్తారు. ఆ వాసన ముక్కుకు తగలగానే నాకు కాల్చిన గేగులు, అంటే తేగలు, గుర్తొచ్చాయి. బొగ్గుల మీద పొట్టు మాడి, లోపల తీపి ఊరిన గేగు వాసన, దాని వెనక కొంచెం ఉప్పదనం, పచ్చి ఆకు నలిపినట్టు ఒక ఘాటు. రెండోది లోస్ ఆల్తోస్ అనే ఎర్రమట్టి మెరక ప్రాంతంలోని అతోతొనిల్కో ఊరిది, సియెతే లెగ్వాస్. అది మెత్తగా, ఉడికిన మోరంగడ్డలా తియ్యగా మొదలై చివర మిరియం కారంతో ముగిసింది. మూడోది అమాతితాన్‌లో చేసే హెర్రాదూరా రెపొసాదో. రెపొసాదో అంటే కనీసం రెండు నెలలు, ఏడాదికి లోపు ఓక్ పీపాలో ఉంచినది. బాగుంది, కానీ చెక్క వాసన ముందుకొచ్చి గడ్డ వాసన వెనక్కి పోయింది. ఎక్కువ ఏళ్ళు నిలవ ఉంటేనే గొప్పదని ధర చూసి అనుకునేవాళ్ళతో ఆనాటి నుంచీ నేను ఏకీభవించను. మొక్క రుచి తెలియాలంటే బ్లాంకోయే తాగాలి.

అయితే నన్ను ఎక్కువగా పట్టుకున్నది రుచి కాదు, ప్రతి సీసా మీదా ముద్రించిన నాలుగంకెల నోమ్ సంఖ్య. ఆ సంఖ్యను బట్టి అది ఏ బట్టీలో తయారైందో ఎవరైనా తెలుసుకోవచ్చు. హలిస్కో రాష్ట్రంలోనూ మరో నాలుగు రాష్ట్రాలలోని కొన్ని ప్రాంతాలలోనూ చేసినదానికే టెకీలా అన్న పేరు చెల్లుతుంది. వంద శాతం అగావే అని రాసి ఉన్న కొన్ని రకాల సీసాలలో కూడా రంగు, తీపి, నునుపు కోసం ఒక శాతం లోపు ఇతర పదార్థాలు కలపడానికి అనుమతి ఉంది. ఆ ఒక్క శాతం గురించి పెద్దాయన అరగంట బాధపడ్డాడు.

నేను వింటూ మన పట్నాల కల్లు దుకాణాలను తలచుకున్నాను. అక్కడ అల్ప్రాజోలం, క్లోరల్ హైడ్రేట్ లాంటి మత్తుమందులు కలిపిన నీళ్ళను కల్లని అమ్మితే, తాగిన కూలివాడు ఆసుపత్రి పాలవుతాడు, చెడ్డపేరు మాత్రం చెట్టెక్కే మా నాన్న లాంటి వాళ్ళకు వస్తుంది. ఊళ్ళో కల్లు పట్టే కుండకు, మా లొట్టికి, నంబరు అక్కర్లేదు, గీసినవాడు కళ్ళ ముందే ఉంటాడు కాబట్టి. కల్లు ఊరు దాటిన చోట ఆ నాలుగంకెలు మాకూ ఉంటే ఎంత బాగుండేదో. ఇక్కడ గడ్డలు చెక్కే హిమదోర్ బొమ్మను సీసా మీద గౌరవంగా వేసుకుంటారు. నేను కాలేజీలో నాన్న పని ఏమిటని అడిగితే వ్యవసాయం అని చెప్పేవాణ్ణి.

మర్నాడు నాన్నకు ఫోన్ చేసి అంతా వివరంగా చెప్పాను. మొనకు పదునైన రేకున్న కోవా అనే పొడుగు పనిముట్టుతో ఆకులన్నీ కోసేసి, అనాసపండులా మిగిలిన గడ్డను వేరు తెగేలా నరికి తీస్తారని, ఒక్కో గడ్డ నలభై, యాభై కిలోలు తూగుతుందని చెప్పాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు.

"నరికినంక మల్ల మొలుస్తదా బిడ్డా?" అని అడిగాడు చివరికి.

"లేదు నాయినా, ఆ మొక్క అంతటితో అయిపోతది. పక్కన పిలకలు తీసి నాటుకుంటరు."

"ఏడేండ్లు సాది ఒక్కపారికే నరుకుతరా? మన బాయికాడి తాడు మా నాయిన గీసిండు, నేను గీసిన, ఇప్పటికీ పారుతనే ఉన్నది" అన్నాడు. తర్వాత, ఆ పెద్దాయన ఎప్పుడైనా మన దిక్కు వస్తే చలికాలంలో రమ్మనమని, పొద్దుగాల్నే దించిన పోద్దాటిది ఇస్తానని చెప్పమన్నాడు.