సైన్యం తరఫున రాసే కంపెనీలను లెక్క అడిగేదెవరు?

అమెరికా సైన్యం తన సమాచార కార్యకలాపాలను, అంటే ఇతర దేశాల ప్రజల అభిప్రాయాలను ప్రభావితం చేసే ప్రచారాలను, ప్రైవేటు కంపెనీలకు అప్పగించడం గురించి కొంతకాలంగా చదువుతున్నాను. తుపాకీ పట్టిన కాంట్రాక్టర్ల మీద జరిగినంత చర్చ మాటలు రాసిపెట్టే కాంట్రాక్టర్ల మీద జరగకపోవడం నన్ను కలవరపెడుతోంది.

లింకన్ గ్రూప్ అనే సంస్థ అమెరికా సైనికులు రాసిన కథనాలను అరబిక్‌లోకి మార్పించి, బాగ్దాద్ పత్రికలకు డబ్బిచ్చి వేయించిందని, అవి సైన్యం రాసినవని పాఠకులకు తెలియనివ్వలేదని 2005 నవంబరులో లాస్ ఏంజెలెస్ టైమ్స్ బయటపెట్టింది. అప్పట్లో ఇరాకీ విలేకరులకు పత్రికా విలువలు నేర్పిస్తున్నదీ అదే అమెరికా ప్రభుత్వం. మరుసటి ఏడాది రక్షణశాఖ ఇన్‌స్పెక్టర్ జనరల్ (ఆ శాఖ అంతర్గత తనిఖీ అధికారి) విచారణ జరిపి, ఆ పనిలో చట్టవిరుద్ధమేమీ లేదని, ఒక కాంట్రాక్టులో మాత్రం ఖర్చుల పత్రాలు సరిగా లేవని తేల్చారు. రసీదులు చూసినంత శ్రద్ధగా రాతలను కూడా చూసి ఉండాల్సిందని నా అభిప్రాయం.

ఇంతకంటే నన్ను బాధించినది ఫిలిప్పీన్స్ వ్యవహారం. 2020లో, కోవిడ్ మృతులు పెరుగుతున్న రోజుల్లో, చైనా టీకా మీద ఆ దేశ ప్రజలకు అనుమానం కలిగేలా అమెరికా సైన్యం సామాజిక మాధ్యమాల్లో మారుపేర్ల ఖాతాలతో ప్రచారం నడిపిందని 2024 జూన్‌లో రాయిటర్స్ వెల్లడించింది. తరువాత పెంటగాన్ జరిపిన సమీక్ష ప్రధాన కాంట్రాక్టరైన జనరల్ డైనమిక్స్ ఐటీని తప్పుబట్టిందనీ, ఖాతాల మూలాన్ని సరిగా దాచలేకపోవడమే ఆ తప్పనీ ఆ కథనం చెబుతోంది. టీకా వేయించుకోవడానికి జంకిన మనిషి ఆ సమీక్షలో ఎక్కడున్నాడు? అదే కంపెనీకి 2024 ఫిబ్రవరిలో 49.3 కోట్ల డాలర్ల కాంట్రాక్టు దక్కింది.

ప్రభుత్వమే స్వయంగా చేయవలసిన పనులను ప్రైవేటువారికి అప్పగించరాదని అమెరికా ప్రభుత్వ కొనుగోళ్లు, కాంట్రాక్టుల నిబంధనల్లో స్పష్టంగానే ఉంది. అయితే సందేశాన్ని రూపొందించడం, దాన్ని పంపడం, అది ఎంత పనిచేసిందో కొలవడం కూడా కంపెనీలకే వదిలేస్తే, అధికారి పెట్టే సంతకం వారు చూపించిన అంకెలకు వేసే ముద్రగానే మిగులుతుంది. ఐసిస్‌కు వ్యతిరేకంగా నడిపిన ఇంటర్నెట్ ప్రచారంలో ఫలితాల లెక్కలను తారుమారు చేశారని, అక్కడ పనిచేసినవారి మాటల ఆధారంగా అసోసియేటెడ్ ప్రెస్ 2017లో రాసింది.

ఇలాంటివి బయటికి వచ్చినది ఎక్కువగా పత్రికల వల్లే, ఆ పత్రికలకూ రక్షణ లేదు. అఫ్ఘానిస్తాన్‌లో ఇలాంటి పనులు చేసిన లియోనీ ఇండస్ట్రీస్ గురించి రాసిన యూఎస్ఏ టుడే పాత్రికేయుల పేర్లతో నకిలీ వెబ్‌సైట్లు వెలిశాయి. అది తన పనేనని ఆ సంస్థ సహయజమాని 2012లో ఒప్పుకున్నారు.

అందుకే ప్రతి ప్రచారానికీ ముందుగానే బాధ్యుడైన అధికారి పేరు దస్త్రంలో ఉండాలని, ఫలితాన్ని ఆ కాంట్రాక్టుతో సంబంధం లేనివారు కొలవాలని, ఆ దేశంలోని రాయబారి అభ్యంతరం చెబితే అది కాంగ్రెస్ కమిటీల ముందుకు వెళ్లాలని కోరుకుంటున్నాను. టీకా ప్రచారం విషయంలో ఆగ్నేయాసియాలోని అమెరికా దౌత్యవేత్తలు అభ్యంతరం చెప్పారు, సైన్యం వారిని పక్కనపెట్టి ముందుకు సాగింది.