కుంటోడి దుకాణం అనడం ఇంక మానండి

మా పర్లాకిమిడిలో ఎవరికైనా దారి చెప్పాలంటే "ఆ కుంటోడి దుకాణం దాటేక ఎడం పక్క" అంటారు. ఆ టైలరు దుకాణం మా బావది. చిన్నప్పుడు పోలియో వచ్చి ఒక కాలు సన్నబడిపోయింది, అంతే. మా వీధిలో సగం జాకెట్లు ఆయన కుట్టినవే, ఆ సంగతి మాత్రం దారి చెప్పేవాళ్లకి గుర్తురాదు.

ఒడిశా-ఆంధ్రా బోర్డరు ఊరు కదా, వైకల్యం ఉన్నవాళ్లని పిలవడానికి మాకు మాటలకేం కరువు లేదు. ఒడియా కాగితాల్లో భిన్నక్షమ, ఢిల్లీ కాగితాల్లో దివ్యాంగ్, అవతల పాతపట్నం వెళ్తే ఆంధ్రా గవర్నమెంటు భాషలో విభిన్న ప్రతిభావంతులు. దివ్యాంగ్ అన్నది 2015 డిసెంబరులో మోదీ మన్ కీ బాత్‌లో అన్న దగ్గర్నుంచి ఎక్కువైంది, హక్కుల కోసం పనిచేసేవాళ్లు చాలామంది అప్పుడే వద్దన్నారు. నాకూ నచ్చదు, ఆఫీసు మెట్లు ఎక్కలేక కింద నిలబడిపోయిన మనిషిలో దివ్యం ఏటి కనిపించిందో మరి, ముందు ర్యాంపు కట్టండి బాబూ.

బావనడిగితే "కార్డు మీద ఏటి రాసుకుంటారో రాసుకోనీరా, పింఛను వస్తే చాలు, బోర్డు మీద మాత్రం టైలర్ అనే ఉంటాది" అన్నాడు.

నా మట్టుకు నేను ఉన్నదున్నట్టు చెప్పేస్తాను, అదీ అవసరమైతేనే. కాలుకి పోలియో, చూపు లేదు, వినపడదు. వికలాంగులు అన్నా తప్పులేదు అనుకుంటాను, సంఘాల వాళ్లు కూడా ఆ పేరే పెట్టుకుంటారు కదా. అసలు గొడవంతా "పిచ్చోడు" దగ్గర. బుద్ధి ఎదగని పిల్లాడూ పిచ్చోడే, డిప్రెషన్‌కి మందులు వాడే ఆవిడా పిచ్చిదే మనవాళ్లకి, రెండూ వేరువేరు సంగతులు. వికలాంగుల కోసం తెచ్చిన 1995 చట్టంలో ఏడు రకాల వైకల్యాలే ఉండేవి, 2016 చట్టంలో 21 అయ్యాయి, ఆటిజం లాంటివి కూడా చేరాయి. ఇంకో సంగతి, నలుగురిలో కావాలని అవమానించితే ఆ చట్టం 92వ సెక్షను కింద ఆర్నెల్ల నుంచి అయిదేళ్ల దాకా జైలు. మా సంత రోజున ఈ సెక్షను అమలు చేస్తే సగం ఊరు ఖాళీ అయిపోతాది.

సామెతల సంగతే నాకింకా తేలలేదు. వినపడని పిల్ల వాళ్లమ్మ పక్కనే కూర్చునుంటే చెవిటోడి ముందు శంఖం అని ఎలా అంటాం, నేనయితే అనను. బావకి అలాంటి పట్టింపులేం లేవు, కొలతలు తప్పు రాసిచ్చేనంటే చాలు, గుడ్డెద్దు చేలో పడ్డట్టు ఏటా రాత అని నన్నే తిడతాడు.