బస్కీల తర్వాత డికాషన్ రంగు మూత్రం

కానిస్టేబుల్ ఈవెంట్స్ ప్రాక్టీస్‌కి ఒంగోలు వచ్చిన మొదటి వారంలోనే ఆసుపత్రిలో చేరాను. మే నెల ఎండ, చాలాకాలంగా వ్యాయామం లేని ఒళ్లు, గ్రౌండ్‌లో ఆపకుండా చేయించిన బస్కీలు. మర్నాడు తొడలు పట్టేశాయి, అది కొత్తగా మొదలుపెట్టినవాళ్లకి మామూలే. ఆ మరుసటి రోజుకి మోకాళ్లు మడవడం కుదరలేదు. తొడలు ఉబ్బి బిర్రుగా తయారయ్యాయి. మూత్రం డికాషన్ రంగులో వచ్చింది.

"కామెర్లేమోరా అయ్యా, పసరు పోయించుకుందాం రా" అంది అమ్మ. మా కనిగిరి వైపు మూత్రం రంగు మారితే కామెర్లో, కిడ్నీలో రాళ్లో అనుకుంటారు గానీ, కండ దెబ్బతిని అందులోని సరుకు మూత్రంలోకి వస్తుందని ఎవరికీ తట్టదు. దాని పేరు రాబ్డోమయోలిసిస్.

కండరంలోని ఒక్కో పోగూ ఒక్కో కణమే. మందం 10 నుంచి 100 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), పొడవు మాత్రం కొన్నిచోట్ల సెంటీమీటర్లకొద్దీ ఉంటుంది. దాని లోపల మయోఫైబ్రిల్స్ అనే సన్నటి దారాలు, వాటి నిండా సార్కోమియర్లు అనే సుమారు రెండున్నర మైక్రాన్ల ముడుచుకునే ముక్కలు వరసగా ఉంటాయి. ఒక్కో సార్కోమియర్‌లో మందపాటి మయోసిన్ తంతువులు, వాటి మధ్యకు చొచ్చుకొచ్చే సన్నటి ఆక్టిన్ తంతువులు. కండ ముడుచుకునేటప్పుడు ఈ తంతువులేవీ పొట్టివి కావు, ఒకదాని పక్కన ఒకటి జారతాయి. 1954లో రెండు పరిశోధక బృందాలు విడివిడిగా ఈ సంగతి ప్రకటించాయి.

నరం నుంచి సంకేతం రాగానే కణంలోని సంచుల నుంచి కాల్షియం విడుదలై ఆక్టిన్ మీదుండే ట్రోపోనిన్ అనే ప్రోటీన్‌కు అంటుకుంటుంది. దాంతో ఆక్టిన్ మీది అడ్డు తొలగి, మయోసిన్ తలలు ఆక్టిన్‌ను పట్టుకుని తెడ్డు వేసినట్టు లాగుతాయి. ఆ పట్టు వదలాలంటే కణానికి శక్తినిచ్చే ఏటీపీ కావాలి. కాల్షియాన్ని తిరిగి సంచుల్లోకి తోడాలన్నా ఏటీపీయే కావాలి. అది అయిపోతే కాల్షియం బయటే నిలిచిపోతుంది, కండ సడలదు, ప్రోటీన్లను కోసే ఎంజైములు మేల్కొని కణాన్ని లోపల్నుంచే తినేస్తాయి.

బస్కీలో లేచేటప్పటికన్నా కూర్చునేటప్పుడే ముప్పు ఎక్కువ. దిగేటప్పుడు తొడ ముందు కండరం ఒళ్లు బరువును ఆపుతూనే సాగుతుంది. మయోసిన్ పట్టు బలవంతంగా ఊడి, బలహీనమైన సార్కోమియర్లు హద్దు మీరి సాగి, కణం పొర చిరుగుతుంది. ఆ చిరుగుల్లోంచి కాల్షియం లోపలికి దూరుతుంది. కండలో ఆక్సిజన్‌ను పట్టి ఉంచే మయోగ్లోబిన్ అనే ప్రోటీన్, పొటాషియం, సీకే ఎంజైము రక్తంలోకి కారిపోతాయి.

పరీక్షల్లో పొరపడే చోట్లు రెండున్నాయి. లివర్ పరీక్షలో చూసే ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ ఎంజైములు కండలోనూ ఉంటాయి కాబట్టి అవి పెరిగి లివర్ జబ్బులా కనిపిస్తుంది. నాకూ పెరిగాయి, కానీ కామెర్లలో పెరిగే బిలిరుబిన్ మామూలుగానే ఉంది. మూత్రంలో స్ట్రిప్ ముంచితే రక్తం ఉన్నట్టు చూపుతుంది, మైక్రోస్కోప్ కింద ఎర్రకణాలు దాదాపు కనపడవు. స్ట్రిప్‌కి మయోగ్లోబిన్ కూడా రక్తంలాగే తోస్తుంది. తేల్చేది సీకే, ల్యాబుల్లో సీపీకే అని కూడా రాస్తారు. మామూలుగా రెండొందల చుట్టుపక్కల ఉండాల్సింది నాకు ముప్పై వేలు దాటింది.

వైద్యం ప్రధానంగా సెలైనే. గంటకు 200 నుంచి 300 మిల్లీలీటర్ల మూత్రం వచ్చేలా ఎక్కించారు, మయోగ్లోబిన్ కిడ్నీ నాళాల్లో గడ్డకట్టి మూసేయకుండా. పొటాషియం పెరిగితే గుండె లయ తప్పుతుంది, అందుకే మాటిమాటికీ ఈసీజీ తీశారు. చూడ్డానికొచ్చినవాళ్లు తెచ్చిన కొబ్బరి బోండాలు నర్సమ్మ తాగనివ్వలేదు. బోండాం నీళ్లలో పొటాషియం ఎక్కువ. ఊళ్లో ఒళ్లునొప్పులనగానే పొడిచే డైక్లోఫెనాక్ సూది కూడా ఇందులో ప్రమాదమే, కిడ్నీకి రక్తం తగ్గిస్తుంది.

తొడ రాయిలా బిగిసి, మోకాలు కాస్త మడిచినా భరించలేని నొప్పి పుట్టి, కాలు తిమ్మిరెక్కితే తెల్లారేదాకా ఆగకూడదు. కండ చుట్టూ ఉన్న పొర లోపల ఒత్తిడి పెరిగి రక్తం ఆడటం లేదన్నమాట, ఆపరేషన్ చేసి పొర కోయాల్సి రావచ్చు. నాకు అంతదాకా రాలేదు. అయినా డ్యూటీ డాక్టరు గారు వచ్చినప్పుడల్లా రెండు తొడలూ నొక్కి, పాదాల స్పర్శ చూసి వెళ్లేవారు.

మూత్రం తెల్లబడింది కదాని ఇంటికి పోవడానికి లేదు. మయోగ్లోబిన్ త్వరగా వెళ్లిపోతుంది, సీకే నిదానంగా దిగుతుంది. అది అయిదు వేల లోపుకొచ్చాకే సెలైన్ ఆపారు.

కణం చచ్చినా దాని పై తొడుగు నిలిచి ఉంటే, ఆ తొడుగు కింద ఉండే శాటిలైట్ కణాలు విభజన చెంది, కలిసిపోయి కొత్త పోగును కడతాయి. వాటికి వ్యవధి ఇవ్వాలి. నాకు ముందు చదునైన నేల మీద నడక, తర్వాత మెట్లు ఎక్కడం, ఆ తర్వాతే దిగడం చెప్పారు. కండ సాగుతూ బరువు మోసేది దిగేటప్పుడే కాబట్టి ఆ వరస. బస్కీలు అన్నిటికన్నా చివర, అదీ పొద్దున్నే, సగం దాకా మాత్రమే కూర్చుని. మొదలుపెట్టిన మూడో రోజున సీకే మళ్లీ చూపించుకోమన్నారు. తక్కువ శ్రమకే మళ్లీ ఇలాగైతే కండలో పుట్టుకతో ఎంజైము లోపమేమైనా ఉందేమో వెతకాలట.